సామాన్య యంత్ర ప్రశస్తి

1895 ఆగస్టు 22వ తేదీ రాత్రి, లండనునుండి స్కాట్లండులోని అబర్డీనునకు పోవు ఎక్స్‌ప్రెస్ బండిని, క్రూ పట్టణమునుండి కార్లైలు వరకు 'హార్డ్‌విక్' అను ఆవిరియంత్రము లాగికొనిపోయి, నడుమనున్న షాప్ కొండ యెగువను కూడ దాటి, 141 మైళ్ల దూరమును 126 నిమిషములలో ముగించినది. స్కాట్లండునకు ముందుగా ప్రయాణికులను చేర్చు విషయమై తూర్పుతీరపు రైలు కంపెనీలకును పడమటితీరపు కంపెనీలకును నడచిన పోటీలో అది చిట్టచివరి పరుగు. ఆ పరుగు కారణముననే హార్డ్‌విక్ యంత్రమును ఆంగ్లేయులు పదిలపరచుకొనిరి. ఆ రాత్రి ఆ బండికి దారి యిచ్చి ప్రక్కపట్టాలమీద నిలిచియుండిన గూడ్సు బండ్ల యంత్రము లెవ్వియో ఎవరును వ్రాసిపెట్టలేదు. పెక్కింటికి, వ్రాసిపెట్టుటకు పేర్లును లేవు.

ఆ పేరులేని యంత్రములను గూర్చి నాలుగు మాటలు చెప్పవలెనని నా సంకల్పము. లండన్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వే కంపెనీవారు క్రూ పట్టణమునందలి తమ కర్మాగారములో 1858 మొదలు 1874 వరకు ఒకే నమూనాకు 943 గూడ్సు యంత్రములను నిర్మించిరి. వీనికి 'డీఎక్స్' తరగతి యని వ్యవహారము. పదునారు సంవత్సరముల పాటు వారమునకు ఒకటికి మించిన లెక్కను ఆ కర్మాగారపు ద్వారమునుండి ఇవి వెలువడుచునే యుండెను. పందొమ్మిదవ శతాబ్దపు బ్రిటనులో మరి యే నమూనాకును ఇన్ని యంత్రములు పుట్టలేదు. ఇన్నింటిలో నేడు కన్నులతో చూచుటకు ఒక్కటియు మిగులలేదు. ఒక్క రాత్రి వేగముగా పరుగెత్తినది నిలిచియుండగా, ఒక తరము ప్రజల బొగ్గును ఉప్పును దూదిని మోసిన 943 యంత్రములు నామరూపములు లేక పోవుట చిరకాలముగా నా మనస్సును పట్టియున్న విషయము. మరచినవారిని నిందించుట నా అభిప్రాయము కాదు. ఆ విస్మృతికి మూలము ఆ యంత్రములయందున్న ఒక గొప్ప గుణమే యని నా నమ్మకము. ఆ గుణమెట్టిదో, అది యెట్లు సాధింపబడినదో నిదానముగా విచారింపవలసి యున్నది.

ఆకారమున డీఎక్స్ యంత్రము మిక్కిలి నిరాడంబరమైనది. 5 అడుగుల 2 అంగుళముల వ్యాసము గల చక్రములు ప్రక్కకు మూడు చొప్పున ఆరు. ఆ మూటిని ఒక కడ్డీ జతపరచును గనుక ఒకటి తిరిగిన అన్నియు తిరుగవలసినదే. నున్నని ఇనుపపట్టాపై నున్నని చక్రము జారక పట్టుకొని ముందుకు సాగుటకు, ఆ చక్రముపై నున్న బరువే ఆధారము. ప్రయాణికుల బండ్లకు కట్టు ఆనాటి వేగవంతములైన యంత్రములలో ఒకే పెద్ద జత చక్రములకు ఆవిరిశక్తి చేరెడిది. యంత్రపు బరువులో కొంత భాగమే ఆ జతపై పడెడిది. కావున అవి త్వరగా పరుగెత్తగలిగినను గొప్ప భారమును కదల్పజాలకుండెను. డీఎక్స్ యంత్రముయొక్క సుమారు 27 టన్నుల బరువును పూర్తిగా శక్తి సోకిన చక్రములపైననే యుండెను. తన బరువులో ఏ కొంచెమును అది వృథాగా మోసికొనిపోదు. 17 అంగుళముల వెడల్పును 24 అంగుళముల గమనమును గల రెండు సిలిండర్లు పొగపెట్టె క్రింద, చట్రముల నడుమ, దాగియుండును. దానిచేత ముషలకముల (పిస్టనుల) రాకపోకలు గాని, ఇరుసు వంపుల భ్రమణము గాని ప్లాటుఫారముపై నిలిచినవానికి కనబడవు. ఆ శ్రమ యెంతటిదో చూడగోరువాడు డ్రైవరువలె నూనెడబ్బా చేతబట్టి, పట్టాల నడుమనున్న గోతిలోనికి దిగి, తల వంచి చట్రముల క్రింద దూరవలసినదే. తొలిదినములలో నడపువారికి నెత్తిమీద కప్పు సయితము లేదు. ఎదుట నిలువుగా నొక రేకుపలక, దానిలో రెండు గాజుకన్నులు, అంతియే. వెస్ట్‌మోర్లండు కొండలమీది వానయు మంచును వెనుకనుండియు ప్రక్కలనుండియు వారిని తడుపుచుండగా, ముందునుండి పొయ్యి వారిని కాల్చుచుండెడిది. బండిని నిలుపుటకు బొగ్గుతొట్టి చక్రములకు కొయ్యదిమ్మల బ్రేకులును, కట్టకడపటి పెట్టెలో గార్డు త్రిప్పు చేతిబ్రేకును తప్ప వేరుపాయము లేదు. బండెడు బొగ్గుతో పల్లమునకు దిగునపుడు, ఎచ్చట ఆవిరి కట్టివేయవలెనో, ఎచ్చట ఈల వేసి గార్డును హెచ్చరింపవలెనో తెలిసికొనుట యంత్రముపై నున్న డ్రైవరు, ఫైర్‌మన్‌ల యనుభవముపై ఆధారపడి యుండెను.

ఈ నమూనాకు కర్త జాన్ రామ్స్‌బాటమ్. 1814లో లాంకషైరు, యార్క్‌షైరు సరిహద్దునందలి టాడ్‌మర్డెన్ గ్రామమున, ఆవిరితో నూలుమిల్లు నడపువాని కుమారుడై జన్మించి, బాల్యమునుండియే యంత్రముల నడుమ పెరిగి, 1842లో మాంచెస్టర్ బర్మింగ్‌హామ్ రైల్వేలో యంత్రాధికారి యయ్యెను. ఈయన బుద్ధివిశేషము పెద్ద వస్తువులలో కంటె చిన్న వస్తువులలోనే నాకు స్పష్టముగా కనబడుచున్నది. సిలిండరులో ముషలకము వెనుకకు ముందునకు కదలునపుడు దాని యంచుల వెంబడి ఆవిరి తప్పించుకొని పోకుండుటకు పూర్వము జనపనారను కొవ్వుతో తడిపి చుట్టెడివారు; లేదా అనేక ఖండములతో, లోపల స్ప్రింగులతో చిక్కైన లోహపు ఏర్పాట్లు చేసెడివారు. నార కాలిపోవుచుండెను, స్ప్రింగులు విరుగుచుండెను. 1852లో రామ్స్‌బాటమ్ ముషలకము చుట్టును సన్నని గాడులు త్రవ్వించి, సిలిండరు వ్యాసముకంటె కొంచెము పెద్దదిగా వంచిన లోహపు రింగును ఒక్కచోట తెగగోసి, నొక్కి ఆ గాడిలో కూర్చెను. నొక్కబడిన రింగు తన సహజమైన వెడల్పును పొందగోరి ఎల్లప్పుడును సిలిండరు గోడను ఒరసికొని యుండును; అరిగినకొలది తానే విప్పారి ఆ అరుగుదలను పూరించును. ఇంతకంటె సులభమైన ఉపాయమును నే నెరుగను. నేడు మన వీథులలో తిరుగు స్కూటరునందును, పొలములో నీరు తోడు ఆయిలింజనునందును ఉన్నది ఆ రింగే. 'రింగులు అరిగిపోయినవి, మార్చవలె' నని మెకానిక్కు చెప్పినప్పుడెల్ల, తెలియకయే యతడు రామ్స్‌బాటమ్ శిల్పమును స్మరించుచున్నాడు.

ఆయన కల్పించిన రక్షణకవాటము కూడ ఇట్టిదే. బాయిలరులో ఆవిరి మితిమీరిన తనంతట తెరచుకొని వెలికి విడుచుటకు పూర్వమొక కవాట ముండెడిది. దానిని బిగించి పట్టు స్ప్రింగు మర డ్రైవరు చేతికి అందుబాటులో నుండుటచే, ఎగువ యెక్కలేక బండి మందగించునపుడు దానిని మరికొంత బిగించి ఎక్కువ ఆవిరి నిలుపుకొనవలెనను ఆశ పుట్టెడిది. ఆ యాశకు ఫలముగా బాయిలర్లు పగిలి మనుష్యులు మరణించిరి. రామ్స్‌బాటమ్ 1855లో రెండు కవాటములను ప్రక్కప్రక్కన నిలిపి, వాని తలలపై ఒక అడ్డకడ్డీ పెట్టి, ఆ కడ్డీని నడుమ ఒక్క స్ప్రింగుతో క్రిందికి లాగి కట్టెను. కడ్డీ చివర డ్రైవరు చేతికి అందును; కవాటములు బిగుసుకొనిపోలేదుగదా యని అతడు దానిని కదల్చి చూడవచ్చును. కాని యొక కవాటమును బిగింపవలెనని క్రిందికి నొక్కినచో రెండవది వదులై ఆవిరి బయటికి పోవును. పైకి లేపినచో మొదటిదే వదులగును. పరీక్షించుటకు వీలున్నది, మోసము చేయుటకు వీలులేదు. పనివానిని అనుమానింపక, అవమానింపక, అలసటతో నున్న వేళ అతనికి కలుగు దుర్బుద్ధినుండి యతనినే కాపాడు ఆ యేర్పాటులో బుద్ధితో పాటు దయయు కలదని నేను భావింతును.

1857లో రామ్స్‌బాటమ్ క్రూ కర్మాగారమునకు అధిపతి యయ్యెను. ఆయనకు పూర్వమా పదవిలో నున్నవాడు ఫ్రాన్సిస్ ట్రెవితిక్. 1804లో వేల్సునందలి పెనిడారన్‌లో మొట్టమొదట ఆవిరియంత్రమును పట్టాలపై నడపిన రిచర్డ్ ట్రెవితిక్‌కు కుమారుడు. లండన్ అండ్ నార్త్ వెస్టర్న్ కంపెనీ 1846లో అనేక కంపెనీల కలయికచే నేర్పడినది. ఒక్కొక్క కంపెనీ తన తన యంత్రములను తెచ్చి కలిపినది. ఎవరి కొలతలు వారివి, ఎవరి మరలు వారివి. ఒక షెడ్డులో యంత్రపు భాగ మొకటి విరిగినచో దానికి సరిపడునది మరియొక యంత్రములో దొరకదు. కమ్మరి క్రొత్తదానిని కాచి కొట్టవలెను, ఫిట్టరు దానిని ఆకురాతితో అరగదీసి అమర్పవలెను. అంతవరకు యంత్రము పనిలేక నిలిచియుండవలెను. అట్టి సమయమున ఒక మేధావి చేయదగిన దేమి? ఇదివరకు లేని అద్భుతయంత్ర మొకటి నిర్మించి కీర్తి సంపాదింపవచ్చును. రామ్స్‌బాటమ్ ప్రయాణికుల బండ్లకు సుందరములైన యంత్రములను నిర్మింపకపోలేదు; పరుగు ఆపకయే పట్టాల నడుమనున్న తొట్టినుండి నీటిని తోడికొను పద్ధతిని 1860లో ఉత్తర వేల్సునందు నెలకొల్పి లోకమును ఆశ్చర్యపరచినవాడు కూడ ఆయనయే. అయినను ఆయన తన అధికారకాలమున అత్యధికమైన శ్రద్ధను వెచ్చించినది ఎవరును తిరిగి చూడని గూడ్సు యంత్రముమీద. 1858లో 'హార్డ్‌మన్' అను పేరుతో మొదటిది వెలువడినది. దానివెంట ఒకదాని కొకటి భేదము లేక తక్కినవి వరుసకట్టినవి.

భేదము లేకుండుట యనగా లోపముగా తలచుట మనకు అలవాటు. కాని అంగడిలో ధాన్యము కొలుచు మానికను చూడుడు: అది యెంత అందమైనదైనను, ఊరిలోని తక్కిన మానికలకంటె పిడికె డెక్కువగా గాని తక్కువగా గాని పట్టినచో దానిని పనికిరాదని పారవేయుదుము, తక్కినవానితో సరిసమానముగా నుండుటయే దాని ప్రామాణ్యము. డీఎక్స్ యంత్రముల యోగ్యతయు అట్టిదే. కార్లైలులో విరిగిన కడ్డీకి బదులు క్రూ నుండి వచ్చిన కడ్డీ తిన్నగా కూర్చున్నది. రగ్బీ షెడ్డులోని డ్రైవరు ఏ యంత్ర మెక్కినను చేయి చాచినచోట రెగ్యులేటరు పిడి దొరకినది, చూపు నిలిపినచోట నీటిమట్టపు గాజుగొట్టము కనబడినది. ఒకడు నేర్చినది అందరికిని పనికివచ్చినది. ఒక షెడ్డులో తెలిసికొనిన లోపము, ఒకసారి సవరింపబడిన తరువాత, వందల యంత్రములకు సవరింపబడినట్లే యయ్యెను. ఈ సామ్యము యాదృచ్ఛికముగా లభించునది కాదు. ఇనుమునకు ఎండకొక పొడవు, చలికొక పొడవు. మనుష్యుని చేతికి ఉదయమొక నేర్పు, సాయంకాల మొక నేర్పు. ఇన్ని చాపల్యముల నడుమ మొదటి యంత్రపు భాగము తొమ్మిదివందలవ యంత్రమునకు సరిపోవునట్లు చేయవలెనన్న, అచ్చులు, కొలతగేజీలు, మరసాధనములు అన్నియు ముందుగా నిర్మింపబడవలెను. వానిని నమ్మి పనిచేయు మనుష్యులు తయారుకావలెను. 1864 నాటికి క్రూ కర్మాగారములోనే బెస్సెమర్ పద్ధతిని ఉక్కు కరగించి పోయుచుండిరి. ఇరుసులు, చక్రపు కట్లు పరాయివారి సరుకుపై ఆధారపడక, ఒకే గుణముగల లోహముతో అచ్చటనే తయారగుచుండెను. నేటి పారిశ్రామిక లోకమంతయు దేనిమీద నిలిచియున్నదో ఆ పునాదిరాళ్లలో నొకటి అచ్చట పడినది.

క్రూ కర్మాగారమున వేయవ యంత్రము 1866లో పూర్తియైనది. ఆ గౌరవము ఒక డీఎక్స్ యంత్రమునకే దక్కినది. దానికి 613 అను సంఖ్య తప్ప పేరు లేదు. మొదట నిర్మింపబడిన కొన్నింటికి వాడుకప్రకారము పేర్లు పెట్టిరి. సంఖ్య పెరిగినకొలది ఆ వాడుక మానిరి. పేరు పెట్టుట మానిననాడే వానిని వేరువేరుగా ప్రేమించుట మానిరని యొకడు అనవచ్చును. నాకు మాత్రమట్లు తోచుట లేదు. ఏదో యొక యంత్రమును ముద్దుచేసి, తక్కినవానిని కర్మకు విడిచిపెట్టక, అన్నింటియెడ ఒకే శ్రద్ధ చూపుట ప్రేమయొక్క పరిణతరూపమే. నూరుమంది బిడ్డలకు వండిపెట్టు సత్రపు గృహిణి ప్రతి విస్తరిని ప్రత్యేకముగా అలంకరింపజాలదు. కాని ఆమె యన్నము అందరికి సరిగా ఉడుకును.

గూడ్సు బండిని ఎరుగని తెలుగువాడు లేడు. పాసింజరు బండిలో కూర్చుండి, స్టేషనులో లూపు లైనున నిలిచిన గూడ్సుపెట్టెలను లెక్కపెట్టుకొని పొద్దుపుచ్చని బాలుడు మన దేశమున ఉండడు. ఆవిరికాలపు కడపటి దినములలో నేనును అట్లు లెక్కించినవాడను. కాని నన్నాకర్షించినది పెట్టెలకంటె ముందుభాగమున నిలిచిన యంత్రమును, దానిపై నున్న మనుష్యులును. మెయిలు బండి వచ్చిపోవువరకు వారికి సిగ్నలు పడదు. అది గంటకు రావచ్చును, రెండు గంటలకు రావచ్చును. డ్రైవరు దిగి, అరచేతి వెనుకభాగముతో ఒక్కొక్క ఇరుసు పెట్టెను తాకి వేడి చూచుకొనుచు ప్రదక్షిణము చేసివచ్చెడివాడు. ఫైర్‌మన్ సుత్తితో పెద్ద బొగ్గుగడ్డలను చితుకగొట్టి, పొయ్యితలుపు తెరచి, మంట పలుచబడిన మూలలను చూచి, పారను విదలించి సరిగా ఆ మూలలకే బొగ్గు పడునట్లు విసరెడివాడు. పొయ్యితలుపు పైనున్న ఇనుప అరమీద క్యారియరు గిన్నెలో అన్నము వెచ్చబడుచుండెడిది. బండి కదలకున్నను వారి పని కదలుచునే యుండెను. నీటిమట్టము చూడవలెను, బూడిద తీయవలెను, ఆవిరి వృథాగా పోకుండ మంటను అణచిపెట్టవలెను, సిగ్నలు రెక్క వాలిన క్షణమున మరల లేపవలెను. వేచియుండుట సోమరితనము కాదనియు, అదియు నొక విద్యయే యనియు నాకు తెలిసినది వారిని చూచినపుడే. తరువాతి కాలమున డీఎక్స్ యంత్రముల చరిత్ర చదువునపుడు, ఆ చరిత్రకారులు ఇచ్చిన కొలతల వెనుక నాకు కనబడినది ఈ యిరువురే.

ఆ యంత్రములు మోసినదేమి? చెషైరు గనుల ఉప్పు, విగన్ గనుల బొగ్గు, ఐర్లండునుండి హోలీహెడ్ రేవున దిగిన పశువులు. అన్నింటిని మించి దూది. 1830లో తెరవబడిన లివర్‌పూల్ మాంచెస్టర్ రైలుమార్గము కాలక్రమమున ఈ కంపెనీకే సంక్రమించినది. ఓడలనుండి దిగిన దూదిబేళ్లు ఒక దిశకును, మిల్లులు నేసిన బట్టల మూటలు తిరిగి రేవునకును ఆ దారిని పోవుచుండెను. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము చెలరేగి అచ్చటి దూది రాక నిలిచిపోయినపుడు, లాంకషైరు మిల్లులు భారతదేశపు దూదికై చేయి చాచినవి. గుంటూరు, కృష్ణా మండలముల నల్లరేగడిలో పండిన దూది కాకినాడ రేవునకు చేరి, ఆ రేవునకు క్రొత్త ప్రాభవము కలిగించినదియు ఆ సంవత్సరములలోనే. మన రైతు ఏరిన దూదిలో కొంతయైన డీఎక్స్ యంత్రముల వెనుక సాగియుండుట సంభవమే. ఆ దూదియే బట్టయై మరల మన తీరమునకు దిగి, మన నేతగాని మగ్గమును మూలబెట్టియుండుటయు సంభవమే. ఒకనాడు మచిలీపట్నపు అద్దకపు వస్త్రములకై దేశదేశముల వర్తకులు వేచియుండిన తీరమున, మరబట్టకు ఎదురు నిలువలేక ఎన్ని సాలెయిండ్లు పస్తులుండెనో తలచుకొన్నప్పుడు, ఈ యంత్రములను పొగడు నా కలము కొంత తడబడుచున్నది.

ఈ తడబాటును దాచుట న్యాయము కాదు. భారము మోయువానికి ఆ భారము దేనికి వినియోగపడునో నిర్ణయించు అధికారము లేదు. పొయ్యిలో బొగ్గు విసరిన ఫైర్‌మన్‌కు గాని, ఆ దూది లేక మిల్లులు మూతపడినపుడు ఆకలిగొన్న లాంకషైరు కూలీకి గాని మచిలీపట్నపు నేతగానిపై వైరము లేదు. ఆ కాలపు వాణిజ్యనీతిని నడపినవారు వేరు. అయినను, పరికరము ఎంత నిర్దోషమైనదైనను దానివలన జరిగిన హాని లేకపోలేదు. కావున నా ప్రశస్తి ఆ యంత్రముల పనితనమునకే గాని, వానిని పనిలో పెట్టిన సామ్రాజ్యమునకు కాదు. సామాన్యుల చరిత్ర వ్రాయువారు సామాన్యుని శ్రమను ఎంతగా గౌరవింతురో, ఆ శ్రమ ఎవరి ప్రయోజనమునకు కొనిపోబడినదో అంత జాగరూకతతోను విచారింపవలెను. రెంటిలో నొకటి విడిచిన రెండవది అసత్యమగును.

1871లో అనారోగ్యముచే రామ్స్‌బాటమ్ విరమింపగా, ఆయన క్రింద పనిచేసిన ఫ్రాన్సిస్ వెబ్ ఆ పదవికి వచ్చెను. 943లో 857 యంత్రములు స్వంత కంపెనీకి చేరగా, తక్కిన 86 లాంకషైర్ అండ్ యార్క్‌షైర్ రైల్వేవారికి విక్రయింపబడినవి. ఆ విక్రయము పెద్ద వ్యాజ్యమునకు దారితీసినది. రైలు నడపుటకై అధికారము పొందిన కంపెనీ యంత్రములు చేసి పరులకు అమ్ముట తమ జీవనోపాధికి ముప్పని ప్రైవేటు యంత్రనిర్మాతలు న్యాయస్థానమున కెక్కి, 1876లో నిషేధపుటాజ్ఞ సంపాదించిరి. ఆ నిషేధ ప్రభావము తక్కిన ఆంగ్ల రైలు కంపెనీలపైనను చిరకాలము నిలిచినది. ఒకే వస్తువును వేలకొలది సరిసమానముగా చేయగలవాడు ఎంత చౌకగా చేయగలడో ఆ పోటీదారులు ముందుగా గ్రహించిరనుటకు ఇదియే తార్కాణము. వెబ్ దొర 1881 మొదలు 500 డీఎక్స్ యంత్రములకు ఎక్కువ ఒత్తిడి గల బాయిలర్లును, వాక్యూమ్ బ్రేకులును అమర్చి వాని యాయువును పొడిగించెను. ఎనుబది పైచిలుకు యంత్రములు 1923లో రైలు కంపెనీల విలీనము వరకు బ్రతికి, క్రొత్త కంపెనీ చేతిలోనికి పోయినవి. కొన్ని యేండ్లలోనే అవియు పాతయినుపసామాను క్రింద తెగిపోయినవి.

వానితోడి వస్తువులలో మిగిలిన వెవ్వియో చూచిన, లోకము దేనిని దాచుకొనునో తెలియును. ఫ్రాన్సిస్ ట్రెవితిక్ నిర్మించిన 'కార్న్‌వాల్' మిగిలినది. దాని చక్రము మనిషిని మించిన యెత్తు, ఎనిమిదిన్నర అడుగులు. రామ్స్‌బాటమ్ కర్మాగారము లోపల సామాను చేరవేయుటకై 18 అంగుళముల వెడల్పు పట్టాలపై నడపిన 'పెట్' అను చిట్టియంత్రము మిగిలినది. మిక్కిలి పెద్దది, మిక్కిలి చిన్నది, మిక్కిలి వేగవంతమైనది మిగిలినవి. సరియైన పరిమాణము గలది మిగులలేదు. దీనికి కారణము సులభము. అరుదైనదానిని పోగొట్టుకొందుమేమో యను భయము దానిని కాపాడును. వందలకొలది యున్నదానియెడ అట్టి భయము పుట్టదు. ఈ షెడ్డులోనిది పోయిన ఆ షెడ్డులో మరియొకటి యున్నదను ధైర్యముతో ప్రతివాడును తన యెదుటనున్నదానిని విడిచిపెట్టును. అట్లు అందరును విడిచిపెట్టగా, ఏదో యొకనాటికి కడపటిది కూడ పోవును. ఒకదానికి బదులు మరొకటి నిలువగలుగుటయే వాని సామర్థ్యము. ఆ సామర్థ్యమే వాని వినాశమునకు అనుమతిపత్రమైనది. పనికివచ్చుటలో పరిపూర్ణతను పొందినది తన జ్ఞాపకమును తానే ఖర్చుచేసికొనుచున్నది.

అయినను పోయినది వాని శరీరము మాత్రమే. చట్రముల నడుమ సిలిండర్లు, జతకూర్చిన ఆరు చక్రములు గల ఆ గూడ్సు యంత్రపు రూపము బ్రిటనులో శతాబ్దము పాటు వర్ధిల్లినది. ఇరువదవ శతాబ్దారంభమున భారతదేశపు పెద్దపట్టాల రైల్వేలకు ప్రమాణములైన నమూనాలు నిర్ణయించినపుడు, సామాన్య గూడ్సు యంత్రమునకై ఎన్నుకొనబడినది ఆ కూర్పే. ఎస్.జి. అను పేర ఆ యంత్రములు మన దేశమున అనేక దశాబ్దములు గూడ్సు బండ్లను లాగినవి. దూరదూరముల కంపెనీలకు ఒకే ప్రమాణము నేర్పరచుట యను ఆలోచనలోనే క్రూ కర్మాగారపు శిక్షణ కనబడుచున్నది. కాపాడబడిన యంత్రము ప్రదర్శనశాలలో కదలక నిలుచును; మరువబడిన యంత్రము, ఇతర యంత్రముల రూపమున, పనిచేయుచునే యుండును. ఈ రెండు విధముల అమరత్వములలో రెండవది తక్కువదని నేను ఒప్పుకొనజాలను.

ఇంత చెప్పియు, మరుపును సమర్థించి ఊరకుండుట నా ఉద్దేశము కాదు. రూపము నిలిచినను, ఆ రూపముతో మనుష్యుడు పడిన పాటు రూపమువెంట నిలువదు. ఏ యెగువలో ఎన్ని పారల బొగ్గు వేయవలెనో, చక్రము జారునపుడు ఇసుక యెంత వదలవలెనో, నీరు బాగుగా లేని స్టేషనులో బాయిలరు ఎట్లు నురుగెత్తునో పుస్తకములలో ఉండదు; అది చేతులలోను మాటలలోను ఉండును. డీఎక్స్ నడపినవారి చేతులు పోయినవి. వారి మాటలు ఎవరును వ్రాసికొనలేదు. మన దేశమున ఆవిరియంత్రమును నడపిన డ్రైవర్లు, ఫైర్‌మన్‌లు, షెడ్డులలో బాయిలర్లు కడిగిన ఖలాసీలు ఇంకను కొందరు సజీవులై యున్నారు. మన మ్యూజియములలో మహారాజుల బంగారుపూత పెట్టెలకు చోటు దొరకినది, మెయిలు బండ్ల యంత్రములకు రంగులు పూయబడినవి, ఇది మంచిదే. దానితో పాటు ఊరిబండ్లను, బొగ్గుబండ్లను లాగిన సామాన్య యంత్రమును ఒక్కొక్క జాతికి ఒక్కటియైన, దాని పారతోను బూడిదబుట్టతోను ఉన్నదున్నట్లు నిలుపవలెను. దానిని నడపినవానిని ప్రక్కన కూర్చుండబెట్టి, తెలుగులో అతడు చెప్పినది చెప్పినట్లు వ్రాసికొనవలెను. ఇది సంస్థలు చేయదగిన పని. వారు ఆలస్యము చేసినచో, కలము పట్టగల ఏ యువకుడైనను, తన యింటి పెద్దలలో అట్టివా రున్నయెడల, నేటి సాయంకాలమే మొదలుపెట్టదగిన పని. పందెములో గెలిచినదానిని లోకము అడుగకయే కాపాడును. ప్రతిదినము సరుకు చేర్చినదానిని మాత్రము మనము పూనుకొని, వెదకి, నిర్ణయము చేసికొని కాపాడవలసి యున్నది.